గాలి దూరని కవరు

మా బావ సీటు కవర్లు కుట్టేవాడు. కార్లకీ, బస్సులకీ, స్కూటర్లకీ, ఇళ్లలో సోఫాలకీ, ముప్ఫై రెండేళ్లు అదే పని. "నా కవర్లో గాలి కూడా దూరదు" అనేవాడు. ఎవరైనా దుకాణం ముందు బండి ఆపితే చాలు, ముందు ఆ మాట, తర్వాతే కొలత. కొలతంటే టేపు పెట్టి కాదు. టేపు పట్టుకోవడం ఆయనకి నామోషీ. జానలూ బెత్తలూ వేసుకుని, చెవి మీద పెట్టుకున్న సుద్దముక్క తీసి, రెక్సిన్ మీద నాలుగు గీతలు గీసి కత్తెర పెట్టేసేవాడు. ఇన్నేళ్లలో ఒక్క ముక్క తప్పు కోయడం నేను చూడలేదు. ఆయన్ని మెచ్చుకోవడం నాకు అలవాటు లేదు. ఒక్కసారి చెప్పాను, మళ్లీ అడక్కండి.

ఆ దుకాణంలో పని చేసేది బావ ఒక్కడే. మిగతా ఇద్దరూ అధికారులు. ఒకరు మా అక్క. కవరు తొడిగాక అక్క వచ్చి సీటు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేది. చప్పుడు గట్టిగా వస్తే బిగువు కుదిరినట్టు. అప్పుడు కుట్టు వెంబడి ఒక్కసారి నిమిరేది. రెండు దెబ్బలు, ఒక నిమురు, అంతే, పాస్. నోటితో మెచ్చుకోవడం మా ఇంటావంటా లేదు. ఎక్కడైనా తేడా ఉంటే మాత్రం నిమిరేది కాదు. కొడుతూనే ఉండేది, బావ "సరేనమ్మా ఇన్‌స్పెక్టరూ, విప్పుతా" అనేదాకా. ఆయన గొణుక్కుంటూ విప్పేవాడు. విప్పి చూస్తే ఎక్కడో ఒక చోట తేడా ఉండనే ఉండేది.

రెండో అధికారి పిల్లి. బూడిద రంగుది, ఒక చెవి కాస్త చిరిగింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కౌంటరు వెనక కుర్చీలో కూర్చుని ఏ పనీ చెయ్యకుండా వచ్చేపోయేవాళ్లని చూసేది కనక దానికి అక్క మేనేజరు అని పేరు పెట్టింది.

ఎనిమిది నెలల కిందట అక్కకి పక్షవాతం వచ్చింది. దుకాణంలోనే, ఒక సోఫా కవరు మీద చెయ్యి వేసి, అలాగే పక్కకి ఒరిగిపోయింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. బావ దుకాణం మూసేసి, కుట్టుమిషనూ, మిగిలిన రెక్సిన్ చుట్టలూ ఇంటికి చేర్చి, మంచం పక్కన కూర్చున్నాడు. మేనేజరు కూడా వచ్చేసింది. వచ్చిన రోజు నుంచి అక్క కుడిచేతి మీదే పడక. ఆ చేతికి స్పర్శ లేదు. అయినా పిల్లి దాని మీద పడుకున్నంతసేపూ అక్క ఆ చేతిని చూసుకుంటూ ఉండేది. అది లేచి వెళ్లిపోతే మొహం పక్కకి తిప్పేసేది.

అసలు బాధ తిండి దగ్గర వచ్చింది. ఏడు నెలలు ఏదో కాస్త తిన్నది, ఆ తర్వాత అక్క నోరు తెరిచేది కాదు. మింగగలదు, డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది, కానీ తెరవదు. ముక్కులో గొట్టం వేస్తే రెండుసార్లు ఎడమచేత్తో లాగిపారేసింది. లోపల పుండు పడింది. మొండిఘటం అని నేను తిట్టాను కూడా. డాక్టరమ్మ మమ్మల్ని బయటికి పిలిచి చెప్పింది.

"ఇంక గొట్టం వెయ్యలేనండి. నోటితో ఎంత తింటే అంతే. తినకపోతే... మీకు నేను చెప్పక్కర్లేదు."

బావ ఆవిడకి దండం పెట్టి వచ్చేశాడు. ఇంటికొచ్చి చెంచా పట్టుకుని కూర్చున్నాడు. నాలుగు రోజుల్లో అక్క నాలుగు చెంచాలు తిన్నదేమో. నాకు పక్కవీధిలో ఫోటోస్టాట్ దుకాణం ఉంది. వచ్చినవాళ్లకి కాలక్షేపంగా కౌంటరు మీద ఒక గాజుతొట్టి పెట్టి, అందులో మూడు బంగారురంగు చేపల్ని పెంచేదాన్ని. గోడకేసి చూస్తూ పడుకుంటే మనిషికేం తోస్తుందని ఒకరోజు ఆ తొట్టిని తెచ్చి, బావ పాత మిషను స్టాండు మీద, మంచానికి ఎదురుగా పెట్టాను. గాలి మోటారు తగిలించాను. సన్నటి గొట్టంలోంచి గాలి వెళ్లి, ప్లాస్టిక్ మొక్క వెనకున్న రాయిలోంచి బుడగలు పైకొస్తాయి. ఆ మధ్యాహ్నం చేపలకి మేత వేశాను. మూడూ పైకొచ్చి నోళ్లు తెరిచి గుటుక్కు గుటుక్కుమని మింగుతున్నాయి. బావ మోచేత్తో నన్ను పొడిచాడు. చూస్తే, అక్క నోరు తెరిచి ఉంది.

ఆ పూట ఆరు చెంచాలు తిన్నది. బావ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాడు. నీళ్ల చప్పుడుకి వినబడదనుకున్నాడు పాపం.

అప్పటి నుంచి అదే పద్ధతి. చేపలు ఒక గుటక, అక్క ఒక చెంచా. పూటకి పన్నెండు చెంచాల దాకా వచ్చింది. బుగ్గలు కాస్త నిండాయి. చేపలు తినకపోతే అక్కా తినదు, అదొక్కటే మెలిక. ఇంట్లో బతుకు మూడు చేపల నోళ్ల మీద ఆధారపడింది. నవ్వొస్తే నవ్వుకోండి, మాకు రాలేదు.

తొట్టి వచ్చిన వారానికి మేనేజరు డ్యూటీ ఎక్కింది. అక్క చేతి మీంచి లేచి, ఒళ్లు విరుచుకుని, స్టాండు మీదకి ఒక్క గెంతు గెంతి నీళ్లలో పంజా పెట్టింది. చేపకి గోరైనా తగల్లేదు. కానీ మూడూ మొక్క వెనక్కి పోయి దాక్కున్నాయి. మధ్యాహ్నం మేత వేస్తే రాలేదు. సాయంత్రమూ రాలేదు. అక్క నోరు రెండు పూటలూ మూసుకునే ఉంది. పిల్లి చేపని తినక్కర్లేదు, బెదిరిస్తే చాలు, మా కొంప మునుగుతుందని ఆ రోజు తెలిసింది.

ఇంక బావ యుద్ధం మొదలైంది. తొట్టి మీద చెక్క పెట్టి పైన ఇటుక పెట్టాడు. అది చెక్క మీదెక్కి కూర్చుని సందులోంచి చెయ్యి దింపింది. స్టాండు చుట్టూ నారింజ తొక్కలు పేర్చాడు, ఆ వాసన పిల్లులకి గిట్టదని ఎవరో అన్నారట. గిట్టలేదు, నిజమే, తొక్కలన్నీ ఒక్కొక్కటే కింద పడేసి మరీ ఎక్కింది. రెండువైపులా అంటుకునే టేపు వేస్తే బావ చొక్కా చెయ్యి అంటుకుని తొట్టి తొణికింది. నేను నీళ్ల పిచికారీ తెచ్చి పిల్లి మొహాన కొట్టాను. అది పారిపోయింది గానీ అక్క కంట్లోంచి బొటబొటా నీళ్లు. పిచికారీ చెత్తబుట్టలో పడేశాను.

చివరికి పిల్లిని సంచిలో పెట్టుకుని మా ఇంటికి తీసుకుపోయాను. రెండు రోజులు. ఆ రెండు రోజులూ అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. చేపలు హాయిగా తింటున్నాయి, ఇటు తిరిగి చూసే మనిషేదీ? మూడోరోజు పొద్దున్నే బావ మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇచ్చెయ్యి మరదలా, దాన్ని."

"మరి చేపలో?"

"రెండూ ఉండాలి. రెండూ ఒకే గదిలో ఉండాలి. నీ దగ్గరేదైనా తెలివుంటే చెప్పు, లేకపోతే పిల్లినియ్యి."

నా దగ్గర తెలివి ఉంటే ఫోటోస్టాట్ మిషను ముందు ఎందుకు నిలబడతాను? చేపలషాపాయన్ని అడిగాను. ఆయన నింపాదిగా రెండు ముక్కలు చెప్పాడు. ఒకటి, పిల్లికి వేరే వ్యాపకం చూపించండి, కిటికీ దగ్గర ఎత్తుగా కూర్చునే చోటు ఏదైనా. రెండోది, తొట్టి మీద సన్నకళ్ల జాలీ బిగించండి.

మొదటిది వినగానే బావకి హుషారొచ్చింది. రెండంగుళాల ఫోము వేసి, ఎర్ర రెక్సిన్ తొడిగి, అంచుకి పైపింగ్ తిప్పి, మేనేజరు కోసం కిటికీలో చక్కటి సీటు కట్టాడు. మేనేజరు వచ్చింది, వాసన చూసింది, తిరిగి తొట్టి దగ్గరికి వెళ్లిపోయింది.

"ముప్ఫై రెండేళ్లలో నా సీటు వద్దన్న మొదటి కస్టమరు ఇదే" అన్నాడు బావ, నిజంగానే చిన్నబుచ్చుకుని.

రెండో సలహాకి మూతి ముడిచాడు.

"జాలీ ఏంటి, జల్లెడలాగ! నేను కవర్లు కుట్టేవాణ్ణి. ఆ తొట్టికి ఒక కవరు కుట్టలేనా?"

నేనేమన్నానో కూడా చెప్పాలి, దాచి ఏం చేసుకుంటాను. "అవును బావా, జాలీ అయితే గోరు దూరుతుంది. గట్టిగా కుట్టు. నీ కవర్లో గాలి కూడా దూరదుగా" అన్నాను. వేళాకోళంగానే అన్నాను. ఆయన మురిసిపోయాడు.

రెండు రోజులు కుట్టాడు. నల్ల రెక్సిన్, పైన జిప్పు, మేత వేసేటప్పుడు తెరవడానికి. చుట్టూ జానెడు కిందికి దిగి, అంచున దట్టమైన ఎలాస్టిక్. ఎదురు అద్దం వదిలేశాడు, అక్కకి కనబడాలి కదా. జానలతోనే కొలిచాడు. మూలల్లో కుట్టు మీద కుట్టు వేశాడు. ఎనిమిది నెలల తర్వాత మళ్లీ రోజంతా మిషను చప్పుడు వినబడింది. అక్క కళ్లు తిప్పి ఆయన చేతుల్నే చూస్తూ పడుకుంది. బావ మధ్యమధ్య "చూస్తుండు ఇన్‌స్పెక్టరూ, చూస్తుండు" అంటూ సుద్దముక్క చెవి మీద పెట్టుకుంటున్నాడు. ఆయన మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్లయిందో. నాకూ ప్రాణం లేచొచ్చినట్టయింది.

మూడోరోజు పొద్దున కవరు తొడిగాడు. నేను మధ్యాహ్నం వెళ్లేసరికి మేనేజరు ఆ కవరు మీదే ముడుచుకుని నిద్రపోతోంది. ఒక్క ముడత లేదు. ఎక్కడా వేలు దూరే సందు లేదు. మోటారు గుర్రుమంటూనే ఉంది. బావ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు, ఫోటో తీయించుకునేవాడిలాగ.

అక్క ఎడమచేత్తో మంచం పట్టీ మీద కొడుతోంది. టప్, టప్, టప్.

"విన్నావా? పొద్దున్నుంచీ ఇదే" అన్నాడు బావ. "పాస్ చేసిందే! ఎనిమిది నెలల్లో మొదటిసారి. నా కవర్ని పాస్ చేసింది."

నేనూ నవ్వాను. "ఏమే అక్కా, మొగుడి పని అంత నచ్చిందా?" అన్నాను. అక్క నన్ను చూసింది, తొట్టిని చూసింది, మళ్లీ కొట్టింది. టప్, టప్, టప్, టప్.

బావ పిల్లిని కిందికి దింపి జిప్పు తీశాడు. చేపలు మూడూ పైనే ఉన్నాయి, నోళ్లు తెరుస్తూ మూస్తూ. "చూడు, ఎంత ఆకలో! పిల్లి బెడద పోయేసరికి వీటికీ హుషారొచ్చింది" అని మేత వేశాడు. మేత నీళ్ల మీద తేలుతూ ఉండిపోయింది. కొత్త కవరుకి బెదిరాయిలే, అలవాటవుతాయని జిప్పు మూసేశాడు. అక్క నోరు తెరవలేదు. కొడుతూనే ఉంది. వేళ్ల కణుపులు ఎర్రబడ్డాయి. నేను ఆ చెయ్యి పట్టుకుని దుప్పటి మీదకి అణిచిపెట్టాను.

"చాల్లేవే సంబడం. చెయ్యి నొప్పెడుతుంది. రాత్రికి తిందువుగాని" అన్నాను.

నా చేతి కింద అక్క చెయ్యి కొట్టుకుంటోంది. బలం లేని చెయ్యి. కాసేపటికి ఊరుకుంది. నేను దుకాణం తెరవాలని వెళ్లిపోయాను. నా జన్మలో నేను చేసిన పాపపు పని ఏదైనా ఉంటే అదే. దానికి ఎవరి క్షమా నాకు అక్కర్లేదు.

మర్నాడు పొద్దున బావ ఫోను చేశాడు. "రా" అన్నాడు, అంతే. వెళ్లేసరికి కవరు ఊడదీసి ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. మూడు చేపలూ వెల్లకిలా తేలుతున్నాయి. మేనేజరు స్టాండు మీద కూర్చుని వాటిని చూస్తోంది. తొట్టికి మూత లేదు, అడ్డం లేదు. అయినా ముట్టుకోలేదు.

మోటారు ఇంకా గుర్రుమంటూనే ఉంది. వెనక మూల, కవరు అంచున, బావ కుట్టు మీద కుట్టు వేసిన చోట, గాలి గొట్టం ఎలాస్టిక్ కింద నలిగి అణిగిపోయింది. తొడిగిన క్షణం నుంచి ఒక్క బుడగ కూడా లోపలికి పోలేదు. పైనుంచి గాలి రాకుండా ఆయన చేతిపని చూసుకుంది. పొద్దంతా ఆ తొట్టినే చూసే మనిషికి బుడగలు ఆగడం అప్పుడే కనబడింది. మేమిద్దరం చూసింది కుట్టుని. చేపల్ని చూసింది అక్క ఒక్కతే.

"విప్పమంది" అన్నాడు బావ.

నేను వంగి మోటారు ఆపేశాను.

"నిమరలేదే. కొడుతూనే ఉంది. ముప్ఫై రెండేళ్లుగా నాకు తెలిసిన దెబ్బ అది. విప్పమంటోంది. నేను పాస్ అనుకున్నాను." కవరుని రెండు చేతుల్తో పట్టుకుని చింపబోయాడు. చిరగలేదు. అది చిరిగేలాగ కుట్టడం ఆయనకి రాదు.

ఆ మధ్యాహ్నమే అవే రంగు చేపలు మూడు కొనుక్కొచ్చాను. సన్నకళ్ల జాలీ కూడా తెచ్చి బిగించాను. చేపలషాపాయన అడగనే అడిగాడు, పాతవాటికేమైందని. పిల్లి తినేసిందని చెప్పాను. పాపం మేనేజరు, ఆ నింద కూడా మోసింది. కొత్త చేపలు బ్రహ్మాండంగా తిన్నాయి. జాలీ దగ్గర పిల్లి రెండుసార్లు గోరు పెట్టి చూసి, విసిగి వదిలేసింది. ఇన్నాళ్లూ మేం కావాలనుకున్నది అంతా జరిగింది, అక్క చూడలేదు అంతే. ఒక్కసారి చూసి, ఇవి పాతవి కావని తెలుసుకుని, కళ్లు మూసుకుంది.

ఒక రోజు. రెండు. మూడు. డాక్టరమ్మ ఇంటికొచ్చి నాడి చూసి, బావ భుజం తట్టి, ఏమీ రాయకుండా వెళ్లిపోయింది. బావ కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగాడు. మెత్తగా మెదిపీ, పల్చగా కలిపీ, తియ్యగా, ఉప్పగా, ఎన్ని తెచ్చినా పెదవులు విడలేదు. పెదవుల మీద చెంచాతో రాసి తడిపేవాడు. నేను బతిమాలాను, తిట్టాను, దుకాణం మూసి పొద్దస్తమానం అక్కడే పడున్నాను. చేపలు చచ్చిపోతే కొత్తవి తెచ్చాం కదే, మేం ఇంకేం చెయ్యాలే అని కసిరాను కూడా. నాకు నోరే గానీ బుర్ర లేదు.

ఐదో రోజు మధ్యాహ్నం బావ మంచం అంచున కూర్చుని గిన్నె ఒళ్లో పెట్టుకున్నాడు. అక్క కళ్లు తెరిచి ఆయన్ని చూస్తోంది. ఆయన ఏమనుకున్నాడో ఏమో, తన నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. బుగ్గలు లోపలికి లాక్కుని, పెదవులు గుండ్రంగా చేసి, కళ్లు ఆర్పకుండా, అరవై ఏళ్ల మనిషి, చేపలాగ. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. తెరుస్తూ, మూస్తూ, చెంచా అక్క నోటి దగ్గర పెట్టి పట్టుకున్నాడు. నాకు చూడబుద్ధి కాలేదు. అయినా చూశాను.

అక్క ఆయన్ని చాలాసేపు చూసింది. పెదవులు కొద్దిగా విడ్డాయి. ఎడమచెయ్యి దుప్పట్లోంచి మెల్లగా పైకి తీసింది. బావ వీపు మీద ఒక దెబ్బ వేసింది.

బావ ఉలిక్కిపడి లేచిపోయాడు. చెంచా దుప్పటి మీద ఒలికింది.

"ఏంటి? ఏమైంది? ఎక్కడ?" తొట్టి దగ్గరికి పరుగెత్తాడు. మోకాళ్ల మీద కూలబడి గొట్టాన్ని మొదటి నుంచి చివరిదాకా వేళ్లతో తడిమాడు. బుడగలు వస్తూనే ఉన్నాయి. జాలీ ఊడదీశాడు. కిటికీ బార్లా తీశాడు. మోటారు చెవికి ఆనించుకుని విన్నాడు.

రెండో దెబ్బ ఆయన లేచిన చోట పరుపు మీద పడింది. ఆ తర్వాత అక్క చెయ్యి ఆగింది. మళ్లీ కొట్టలేదు. అరచెయ్యి చాపి, బావ కూర్చుని లేచిన ఆ గుంట వెంబడి, ఇటు నుంచి అటు దాకా ఒక్కసారి నిమిరింది.

"బావా" అన్నాను, "పాస్ అంటోంది. ఈసారి పాసే బావా. నిమిరింది. నేను చూశాను."

"లేదే" అన్నాడు ఆయన ఇటు తిరక్కుండా, తొట్టి వెనక తలదూర్చి. "ఎక్కడో ఏదో నలిగింది. నువ్వూరుకో. నేను వెతుకుతున్నాను."

అక్క పెదవులు మూసుకుంది. మేనేజరు మంచమెక్కి, ఆ కుడిచేతి మీద పడుకుంది.